బుద్రమ్మ కాఫీ తోట, నా ఫోన్ నంబరు

మా మనవరాలు సంధ్యకు వీఆర్వో ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. దానితోపాటు చేరబోయే పిల్లలు ఇంకొందరు ఉన్నారట. "మీ అమ్మమ్మ రెవెన్యూలోనే కదా చేసింది, ఆఫీసులో అసలు పనంటే ఏమిటో చెప్పించుకుని రాసుకు రా" అన్నారట. అందుకని నేను మంచం మీద కాళ్ళు చాపుకుని చెబుతున్నాను, అది కింద కూర్చుని రాస్తోంది. టైపిస్టుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగిపోయినదాన్ని. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఇంక్రిమెంటు ఎందుకాగిందో చెప్పను. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి.

ఏదైనా మంచి మాటతో మొదలుపెడదామనే అనుకున్నాను. ఇంతలో ఫోను టింగుమంది.

"బేగి చూడవే, ఏటొచ్చిందో," అన్నాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

సంధ్య చూసింది. "అమ్మమ్మా, ఇది నీకు కాదు. ఎవరో బుద్రమ్మకట. తోటలో సాగు లేదని తేలిందట. సాగుదారుల రికార్డులోంచి పేరు తీసేస్తారట. అభ్యంతరముంటే నెలాఖరులోగా చెప్పాలట, చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనట."

"మళ్ళా వచ్చీసిందీ!"

"మళ్ళానేటి? ఆవిడ నోటీసు నీకెందుకొచ్చింది?"

ఎందుకొచ్చిందో చెప్పాలంటే నా ఉద్యోగమంతా చెప్పాలి. ముందు బుద్రమ్మ ఎవరో చెబుతాను. అనంతగిరి దాటాక అరకు దారిలో ఒక కొండ వాలు మీద కాఫీ తోట చేసుకుంటున్న మనిషి. భర్త పోయాడు. ఆ వాలు తప్ప ఆమెకి వేరే భూమి లేదు. రికార్డులో పేరు పోయిందంటే ఆ వాలు అడవి లెక్కలోకి వెళ్ళిపోతుంది. ఆమె నాటిన చెట్టు పండు ఆమే కోసుకున్నా అడవిలో దొంగతనం చేసినట్టవుతుంది. అలాంటి మనిషికి వెళ్ళవలసిన నోటీసు ఏటా నా ఫోనుకొస్తుంది. నేను రిటైరై పాచిపెంటలో కూతురింట్లో కూర్చున్నా వస్తూనే ఉంది. ఇప్పుడు సంధ్యకి పోస్టింగిచ్చింది సరిగ్గా ఆ కొండ పల్లెలకే. ఆర్డరు చూసిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

గుమ్మానికి చదువొచ్చా?

నేను చేరిన నాటికి మండలాలు లేవు, తాలూకాలే. సాలూరు తాలూకా ఆఫీసులో మా తహసీల్దారు రామ్మూర్తి గారు. ముక్కుపొడుం పీల్చకుండా ఏ ఫైలూ తెరిచేవారు కాదు. మేము ఫైలు అందుకున్నామంటే తుమ్మాల్సిందే.

ఒకసారి భూమి తగాదాలో కొండమీది రైతు ఒకతనికి నోటీసు పంపారు. నేనే టైపు చేశాను. వాయిదా రోజున ఆ రైతు రాలేదు. అవతలి పక్షంవాడు వచ్చాడు. సంతలో కొట్టు పెట్టుకున్న కింది ఊరి షావుకారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. "రానివాడికి చెప్పుకోడానికేమీ లేదనే కదా బాబూ, రాసెయ్యండి" అన్నాడు. గుమాస్తాలందరికీ అది సబబుగానే తోచింది. నాకూ తోచింది, భోజనం వేళయింది మరి.

రామ్మూర్తి గారు బారికిని పిలిచారు. నోటీసులు, కబుర్లు ఊళ్ళకి మోసేవాడిని మా వైపు బారికి అంటాం.

"నోటీసు ఎవరి చేతికిచ్చావురా?"

"ఇంట్లో ఎవలూ నేరు బాబూ. గుమ్మానికి అంటించీసి వొచ్చినాను."

"గుమ్మానికి చదువొచ్చా?"

"రాదు బాబూ."

"ఆ ఇంటాయనకి?"

"ఆడికీ రాదు బాబూ. ఆడికన్నా గుమ్మవే నయం, పిలిస్తే అక్కడే ఉంటాది."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. సంత రోజున డప్పు కొట్టించి, ఆ రైతు పేరు, ఊరు, తగాదా ఏమిటి, ఎప్పుడు రావాలి, అన్నీ చాటించమన్నారు. కొండవాళ్ళు ఆఫీసుకి రాకపోవచ్చు గానీ సంతకి రాకుండా ఉండరు. తర్వాతి వాయిదాకి ఆ రైతు వచ్చాడు, వెనకాల సగం ఊరు వచ్చింది. భూమి ఎవరిదో ఆ సగం ఊరే చెప్పింది. షావుకారు గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఆయన దగ్గర ఇంకో అలవాటు చూశాను. చైత్రమాసంలో కొండవాళ్ళకి వాయిదా వేసేవారు కాదు. అప్పుడు ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుగడ కట్టి, పాటలు పాడి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. ఆ రోజుల్లో ఇంకే పనీ ముట్టుకోరు. "పండగలో పిలిస్తే పిలవనట్టే" అనేవారు రామ్మూర్తి గారు. ఈ మాట ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఆయన తలలో ఉంది, అంతే.

ఆ కాలం బంగారమని మాత్రం అనుకోకండి. ఆయన అందరి మాటా వినేవారు, విన్నాక ఉత్తర్వు రాయడానికి ఏళ్ళు పట్టేది. ఇందాకటి రైతే, తన భూమి తనదేనన్న కాగితం చేతికందేసరికి కర్ర ఊతం పట్టుకుని నడుస్తున్నాడు. వినకుండా తేల్చడం ఒక అన్యాయం, విని తేల్చకపోవడం ఇంకో అన్యాయం. రెండూ నా కళ్ళతో చూశాను.

ఎర్ర గుర్తు

అందుకే కంప్యూటర్లు వచ్చినప్పుడు సంబరపడ్డాను. కుల ధ్రువపత్రం కోసం పిల్లని వెంటేసుకుని కొండ దిగి, సార్ క్యాంపులో ఉన్నారంటే మళ్ళీ కొండెక్కిపోయిన తల్లుల్ని రోజూ చూసినదాన్ని. ఆ పత్రం మర్నాటికే చేతికొస్తుంటే సంతోషించనా? కంప్యూటర్‌ని శపించే ముసలమ్మని కాను నేను.

నా భయం ఒక ముసలాయనతో మొదలైంది. ఇల్లు కట్టుకోడానికి పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరించారని, ఎందుకో చెప్పమని వచ్చాడు. స్క్రీన్ మీద చూస్తే 'ఇతర కారణాలు' అని ఉంది.

"ఇతర అంటే ఏటమ్మా?"

"వేరే కారణాలని."

"అవేటని కదా అడుగుతున్నాను!"

ఆపరేటర్ని అడిగాను. తిరస్కరిస్తే కారణం ఎంచుకోవాలట. మిగతా ఏ కారణం ఎంచుకున్నా దానికి రుజువు జతచెయ్యమంటుందట. 'ఇతర' అంటే ఏమీ అడగదట. అందుకని ఆ వారం అందరికీ 'ఇతర' నొక్కేశాడు. కుర్రాడు దుర్మార్గుడు కాదు. సాయంత్రం బస్సు అందుకోవాలి, అంతే. పూర్వం మా గుమాస్తాలు కారణం రాయకపోతే రామ్మూర్తి గారు ఫైలు విసిరి కొట్టేవారు. ఇప్పుడు విసరడానికి ఫైలేదీ?

తర్వాత బుద్రమ్మ కేసు. అది నా సర్వీసు చివరి ఏడాది, అరకు దారిలోని మండలంలో. మా తహసీల్దారు ఒక మేడం. చిన్న వయసు, చురుకు, చెయ్యి చాపే మనిషి కాదు. ఆవిడకి పొద్దున్నే పైనుంచి ఫోను వచ్చేది, మీ మండలంలో పెండింగ్ ఎంత అని. గడువు దగ్గరపడిన కేసులు స్క్రీన్ మీద ఎర్రగా వెలిగేవి. ఆ ఎరుపు కనిపిస్తే ఆవిడ టీ చల్లారిపోయేది.

అప్పుడే ఒక కొత్త ప్రోగ్రాం వచ్చింది. ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి ఏ పట్టాలో సాగుందో ఏ పట్టాలో లేదో అదే తేలుస్తుంది. లేదనుకుంటే అదే నోటీసు పంపుతుంది, అదే వాయిదా వేస్తుంది. మనిషి రాకపోతే అభ్యంతరం లేదని అదే రాసుకుంటుంది. చివరికి మా దగ్గరికొస్తే మేము 'ధ్రువీకరించు' నొక్కాలి. నొక్కకుండా కూర్చున్నా, గడువు దాటితే నొక్కినట్టే. నోటీసు అడుగున ఒక వాక్యముండేది, 'ఇది కంప్యూటర్ ద్వారా తయారైనది, సంతకం అవసరం లేదు' అని. సంతకం లేదంటే ఇక తిట్టుకోడానికి కూడా మనిషి లేడన్నమాట.

బుద్రమ్మ తోట ఫోటో తెరిచాను. పచ్చగా, చిక్కగా, అచ్చం అడవిలా ఉంది. కింద 'సాగు లేదు' అని రాసి ఉంది.

కింది ఊళ్ళవాళ్ళకి అది అడవే. వాళ్ళెరిగిన పొలానికి నెత్తిన ఆకాశముంటుంది. మా కొండల్లో కాఫీ నేరుగా ఎండలో బతకదు. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పైనుంచి చూస్తే అడవి. కిందికొచ్చి వంగి చూస్తే తోట.

మేడం దగ్గరికెళ్ళాను. "ఇది కాఫీ తోట మేడం. తీసేస్తే ఆమె వీధిన పడుతుంది."

"మరి హియరింగ్‌కి ఎందుకు రాలేదండీ ఆవిడ?"

తేదీ చూశాను. సరిగ్గా ఇటుకల పండుగ. నోటీసు వెళ్ళిన నంబరు ఎవరిదో కనుక్కున్నాను. ఆ కొండమీది ఇళ్ళ వివరాలు ఎక్కించిన కుర్రాడిది. అక్కడెవరికీ ఫోను లేదు, నంబరు లేకపోతే కంప్యూటర్ ముందుకు కదలదు. అందుకని కొండంతటికీ తన నంబరే కొట్టేశాడు. ఆ ఉద్యోగం మానేసి ఎప్పుడో వెళ్ళిపోయాడు కూడా.

"డెలివర్డ్ అని చూపిస్తోంది కదా," అన్నారు మేడం.

"ఫోనుకి చేరింది మేడం, మనిషికి చేరలేదు."

ఆవిడ స్క్రీన్ మీది ఎర్ర గుర్తు వైపు చూశారు. "మీరు చెప్పేది నిజమే. నేనేం చెయ్యను? వెనక్కి పంపడానికి బటనే లేదు. పైవాళ్ళడిగితే పండగని చెప్పనా?" అన్నారు. మళ్ళీ తనే, "మీరెళ్ళి వినొస్తానంటే వెళ్ళండి. గడువులోపల మీ ఉత్తర్వు నా టేబుల్ మీదుండాలి. లేకపోతే ఇద్దరం పోతాం" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, భయమే ఉంది. పిల్లలూ, మీ పైవాళ్ళని అర్థం చేసుకోవాలంటే ముందు వాళ్ళు ఎవరికి భయపడుతున్నారో చూడండి.

దారికి అడ్డం

వెళ్ళేసరికి పండుగ ఇంకా సాగుతోంది. మలుపు తిరిగామో లేదో దారికడ్డంగా గడ, దాని వెనక ఆడవాళ్ళు. డ్రైవరు హారన్ కొట్టాడు. వాళ్ళు ఇంకా గట్టిగా పాట అందుకున్నారు.

"ఏటమ్మా ఆఫీసరమ్మా, డబ్బులిచ్చి ఎల్లు!"

"గవర్నమెంటు పని మీద వచ్చానమ్మా."

"ఓలమ్మా, గవర్నమెంటా! అయితే మరికాస్త ఎక్కువియ్యి!"

ఇచ్చాను. గడ లేచింది. బుద్రమ్మ ఇల్లెక్కడని అడిగితే అందరూ ఘొల్లుమన్నారు. అంతసేపూ గడ పట్టుకుని నాతో బేరమాడిన మనిషే బుద్రమ్మ. పక్కకి పిలిచి వచ్చిన పని చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"నా తోటలో సాగు నేదని ఎవలన్నారు?"

"ఫోటో చూసి కంప్యూటర్ చెప్పింది."

"ఆడిదే ఊరు?"

"మనిషి కాదమ్మా, మిషను."

"మిషన్ని ఎవలో ఒకలు నడిపిత్తారు కదా. ఆ మడిసిని సూపించు, ఒక మాట అడుగుతాను. మా తోటకి ఎప్పుడొచ్చినాడు? ఏ దారినొచ్చినాడు? మా కుక్క మొరగనేదే!"

ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా అడిగారు, కొందరు తిట్టారు. ఎవరు నిర్ణయించారని అడిగితే పేరు చెప్పలేకపోవడం మాత్రం అదే మొదలు.

తోటలోకి తీసుకెళ్ళింది. అప్పుడే చినుకులు పడి కాఫీ పూసింది. కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు, ఊపిరాడనంత వాసన. పైనుంచి తీసిన ఫోటోలో ఇందులో ఒక్క పువ్వూ కనబడదు. అక్కడే రాయి మీద కూర్చుని విచారణ మొదలుపెట్టాను. పక్క తోటలవాళ్ళు వచ్చి, ఎవరి వాలు ఎక్కడ మొదలవుతుందో, ఏ చెట్టు ఎవరిదో చెప్పారు. రాసుకున్నది వాళ్ళకి చదివి వినిపించాను. బుద్రమ్మ ఒక చోట ఆపింది.

"నా మొగుడు నాటినాడని రాసినావు. ఆడు గోతులు తవ్వినాడు. నాటింది నాను."

కొట్టేసి సరిగా రాశాను. చదివి వినిపించకపోతే అది అలాగే ఉండిపోయేది. ఎవరి మాట రాసుకున్నా వాళ్ళకి చదివి వినిపించండి. ఎంత ఆలస్యమైనా సరే.

జీపెక్కబోతుంటే అంది, "మా మొగోలు వేటకెళ్ళి ఉత్తి సేతుల్తో తిరిగొత్తే మేం పేడనీళ్ళు కొడతాం. నువ్వూ ఉత్తి సేతుల్తో రాకు సుమీ."

ఉత్తర్వు రాశాను. ఏం చూశానో, ఎవరేం చెప్పారో, ఫోటో ఎందుకు తప్పో, ఎవరికైనా నచ్చకపోతే అప్పీలు ఎక్కడో, అన్నీ రాసి కింద నా పేరు, హోదా, సంతకం పెట్టాను. ఇది రాసింది నేను, తిట్టాలంటే నన్నే తిట్టండి అని చెప్పినట్టుండాలి ఉత్తర్వు. మేడం చదివి తలూపి, దాన్ని స్కాన్ చేయించి పైకి పంపి తీసివేత ఆపించారు. బుద్రమ్మ పేరు నిలిచింది.

అంతా అయ్యాక ఆపరేటర్ అన్నాడు, "అమ్మా, పాత నంబరు తీసీసినాను. కొత్తది సెప్పండి. ఖాళీ ఉంటే సేవ్ అవదు."

బుద్రమ్మకి ఫోను లేదు. ఆ కొండకి సిగ్నలే లేదు. నా నంబరు చెప్పాను. మంచి పని చేశాననుకుంటూ ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నాను.

రీచార్జ్

మరుసటి ఏడాది మళ్ళీ టింగుమంది. ప్రోగ్రాం కొత్త ఫోటో చూసింది, మళ్ళీ పచ్చగా ఉంది, మళ్ళీ నోటీసు పంపింది. నా ఉత్తర్వు ఏదో మూల స్కానై పడుంది. దాన్ని చదవమని ఆ మిషనుకి ఎవరూ చెప్పలేదు. మనిషైతే, పోయినేడు తేల్చాం కదా అని గుర్తుపెట్టుకుంటాడు.

అప్పటికి నేను రిటైరయ్యాను. నోటీసు రావడం, నేను సంతకెళ్ళి బుద్రమ్మకి చెప్పడం, ఆఫీసుకి ఫోను చేయడం, ఎవరో వెళ్ళి చూసి రావడం. ఇలా నడుస్తోంది. ఎక్కువమంది మంచిగానే, "చూస్తాం అమ్మా" అంటారు. ఒకబ్బాయి మాత్రం, "మీరెవరండీ? మీకేం సంబంధం?" అన్నాడు. ఆ పూట ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, అందరిలోకీ సరైన ప్రశ్న వేసింది అతనే. నేనెవర్ని?

పోయినేడు జ్వరంతో మంచానపడ్డాను. ఫోను రీచార్జ్ అయిపోయిందని ఇంట్లో ఎవరూ చూడలేదు. మెసేజ్‌లు ఆగిపోయాయి. లేచాక అల్లుడు రీచార్జ్ చేయిస్తే అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. బుద్రమ్మ గడువు ఆ సాయంత్రంతో సరి. అల్లుడు బండి మీద ఆఫీసుకి పరుగెత్తాడు కాబట్టి గట్టెక్కింది. రీచార్జ్ చేయకుండా చాలాకాలం వదిలేస్తే ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారని అప్పుడే చెప్పాడు. ఆ రోజు నుంచి "నా ఫోన్లో డబ్బులున్నాయా?" అని అతన్ని అడుగుతూనే ఉంటాను. ఇంట్లో అందరికీ అది నవ్వులాట.

నాకు నవ్వు రాదు. ముందు తెలియాలి, తర్వాత తన మాట చెప్పుకోవాలి. అది బుద్రమ్మ హక్కు. దాన్ని నేను నా రీచార్జ్‌కి ముడేశాను. నేను చేసింది దయే, కాదనను. దయకి జ్వరమొస్తుంది, వయసైపోతుంది. అందుకే హక్కుని దాని మీద ఆనించకూడదు. పైగా ఇప్పుడు ఆ కేసు చూడాల్సింది నా మనవరాలు. నోటీసు వచ్చే నంబరు వాళ్ళమ్మమ్మదే. రేపెవరైనా వేలెత్తి చూపిస్తే తోటా పోతుంది, దీని ఉద్యోగానికీ మచ్చ.

నిన్న ఇక్కడికి చెప్పి ఆపేశాను. "పద, రేపు సంత," అన్నాను.

సంతలో

ఇవాళ పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళాం. బుద్రమ్మ చింతపండు, కొండచీపుర్లు పెట్టుకుని కూర్చుంది. నేను జనంలోంచి కనపడగానే చేతిలో చీపురు కింద పెట్టేసింది.

"మళ్ళా ఒచ్చిందేటి?"

"వచ్చింది."

"నీకు ఫోనొత్తాది, నాకు బయ్యవొత్తాది." సంధ్య వైపు చూసింది. "ఈ గుంటెవలు?"

"నా మనవరాలు. మీ ఊళ్ళకి వీఆర్వోగా వస్తోంది."

"ఓలమ్మ, బాగుంది! ఇంక నాకేటి బయ్యం? మనింటి గుంటే కదా."

నేను భయపడుతున్న మాట అదే. "అలా అనకు బుద్రమ్మా. ఇది మా ఇంటి పిల్లని నీ తోట నిలవకూడదు. రేపు దీన్ని బదిలీ చేస్తారు. నేనూ..."

"నువ్వూ ముసిల్దానివైపోనావు." మిగతాది తనే అంది. "నువ్వు పోతే నాకెవలు సెప్తారు?"

సంధ్య మెల్లగా, "నా నంబరు పెడదాం అమ్మమ్మా," అంది.

"నోటీసిచ్చేదీ నువ్వే, అందుకునేదీ నువ్వేనేటి? నోర్మూసుకో."

గ్రామ సచివాలయం కౌంటరుకి తీసుకెళ్ళి బుద్రమ్మ మాటగా అభ్యంతరం రాయించాం. తోటలో సాగుంది, వచ్చి చూడండి. ఇకమీదట నోటీసు నా చేతికివ్వండి, సంతలో డప్పు కొట్టి చాటించండి. ఫోన్ నంబరు తీసెయ్యండి. చాటింపుని ఎవరూ రద్దు చేయలేదు, వాడటం మానేశారంతే. కౌంటరులో అబ్బాయి మర్యాదస్తుడు.

"నంబరు తీసీత్తే ముందుకెల్లదమ్మా. ఉండండి, సున్నాలు కొట్టి సూత్తాను." కొట్టాడు. ఒప్పుకోలేదు. "ఎవలిదో ఒకలిది ఉండాలమ్మా."

"సరే, నాదే ఉంచు. కింద రిమార్కుల్లో నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. ఈ నంబరు బుద్రమ్మది కాదు. దీనికి పంపితే ఆమెకి పంపినట్టు కాదు."

కొట్టాడు. చదివి వినిపించమన్నాను. బుద్రమ్మ విని వేలిముద్ర వేసింది.

ఇన్నేళ్ళూ ఆ నంబరు పట్టుకునే ఆమె పేరు నిలిచింది. ఆ నంబరు చెల్లదని ఇప్పుడు నేనే రాయించాను. పైవాళ్ళు సరేనని సంతలో డప్పు కొట్టించవచ్చు. నంబరు సరిగా లేని రికార్డని మొత్తానికే పక్కన పడేయవచ్చు. ఏది జరుగుతుందో నాకు తెలీదు. తెలుసని మీతో అబద్ధం చెప్పను.

ఇంకా బయటికి రానేలేదు, సంచిలో ఫోను టింగుమంది. సంధ్య తీసి చదివింది. "అభ్యంతరం అందిందట. విచారణకి తేదీ కూడా వేసేసింది. బుద్రమ్మ గారు ఆఫీసుకి రావాలట." తేదీ చెప్పింది.

బుద్రమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అది ఇటుకల పండగ కాదేటి?"

అవును. మళ్ళీ అదే. బుద్రమ్మ పకపకా నవ్వింది. నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

"ఆఫీసుకి నానెక్కడొత్తాను? దారి కట్టుకుని మా మలుపులోనే ఉంటాను. ఈ గుంటనే రమ్మను," అంది. "డబ్బులు తెచ్చుకోమను."

తిరుగు బస్సులో సంధ్య అడిగింది. "మా తహసీల్దారు సార్ వెళ్ళొద్దంటే అమ్మమ్మా?"

"వెళ్తానని రాసివ్వు. వద్దంటే వద్దని ఆయన్నీ రాసిమ్మను."

"కోపమొస్తుంది కదా."

"వస్తుంది."

అంతకంటే ధైర్యం చెప్పలేకపోయాను. చెప్పగలిగితే బాగుండేది.

సోమవారానికి దాని సంచి సర్దుతున్నారు. వాళ్ళమ్మ ఊరగాయ సీసా పెట్టింది. పక్క అరలో నేను చిల్లర మూటకట్టి పెట్టాను, గడ దగ్గర ఇవ్వడానికి. పండక్కి ఇంకా రోజులున్నాయి కదా అంటోంది. ఉంటే ఉండనీ, అందులోంచి తియ్యకు. ఆ మలుపు దాకా వెళ్ళు, పూల కింద కూర్చో, విను, రాసింది చదివి వినిపించు. అదేమీ చేయకుండా ఉత్తి చేతుల్తో దిగొచ్చావంటే మాత్రం పేడనీళ్ళు కలుపుకుని గుమ్మంలో నేనే నిలబడతాను. ఏటలా చూస్తావ్? ఇది కూడా రాసుకో.